1946 నాటి సెస్నా విమానంతో నెబ్రాస్కా నుంచి టెక్సస్ దాకా

జూన్ 5, గురువారం: బియాట్రిస్, నెబ్రాస్కా

ఊరి పేరు పలకడంతోనే మొదలైంది. నేను మొదటి అక్షరం నొక్కి పలికితే విమానాశ్రయం ఆఫీసులో కూర్చున్న పెద్దావిడ నవ్వింది. "ఇక్కడ బీ-యాట్-రిస్ అంటాం. నొక్కాల్సింది మధ్యలో" అని చెప్పి, టేబుల్ సొరుగులోంచి ఒక పాత కారు తాళం తీసి చేతిలో పెట్టింది. అమెరికాలో చిన్న ఊళ్ల విమానాశ్రయాల్లో ఇదొక మంచి పద్ధతి. విమానంలో దిగినవాళ్లు ఊళ్లోకెళ్లి తిని రావడానికి ఒక కారు ఉంచుతారు. అద్దె అడగరు. తిరిగి తెచ్చేటప్పుడు కాస్త పెట్రోలు పోయించడం మర్యాద. "మేం విమానంలో రాలేదండీ, కొనుక్కోవడానికి వచ్చాం" అన్నాను. "పోయేది విమానంలోనే కదా" అంది.

కొన్నది సెస్నా 140. 1946లో కాన్సాస్‌లోని విచిటలో తయారైంది. ఒంటికి అల్యూమినియం, రెక్కలకు మాత్రం గుడ్డ. ముందు రెండు చక్రాలు, తోక కింద బుల్లి చక్రం. ఇంజన్ కాంటినెంటల్ సి-85, అంటే 85 గుర్రాల శక్తి. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. నాకు తోడుగా వచ్చిన మా బావమరిదికి విమానం నడపడం రాదు కానీ మ్యాపు బాగా చూస్తాడు. విమానం మొత్తం బరువు 1,450 పౌండ్లు దాటకూడదు. మా ఇద్దరి బరువు, 25 గాలన్ల పెట్రోలు లెక్కేస్తే సామాను దగ్గర కోత పడింది. రెండు బ్యాగులు ఒకటయ్యాయి. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర మాత్రం వదల్లేదు.

సాయంత్రం చల్లబడ్డాక ఊరి చుట్టూ ఒక చక్కర్ కొట్టి చూద్దామనుకున్నాం. ఎగిరే ముందు రన్‌వే పక్కన ఆగి రన్-అప్, అంటే ఇంజన్ పరీక్ష చేయాలి. ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్‌లు, వాటికి కరెంటు ఇచ్చే మాగ్నెటోలు రెండు. ఒకదాన్ని ఆపి రెండోదాని మీద నడిపి చూస్తాం. ఇంజన్ వేగం కొద్దిగా పడుతుంది, అది మామూలే. కుడి మాగ్నెటో మీద నిమిషానికి 50 చుట్లు పడింది. ఎడమ మాగ్నెటోకి తిప్పగానే 250 పడి, ముందున్న అద్దం గడగడ వణికింది. మళ్లీ తిప్పి చూశాను. మళ్లీ అంతే. విమానాలు ఉంచే షెడ్డుకు, అంటే హ్యాంగర్‌కు తిరిగి వచ్చేశాం.

అమ్మినాయన నిజాయితీగానే చెప్పాడు. ఆరోగ్యం బాగాలేక రెండేళ్లుగా సరిగ్గా ఎగరలేదట. వారానికోసారి స్టార్ట్ చేసి, ఓ పావుగంట నెమ్మదిగా తిరగనిచ్చి ఆపేసేవాడట. ఇంజన్‌కు మంచిదనుకునే అలా చేశాడు పాపం.

రాత్రి భోజనానికి వెళ్తే ఒకే పళ్లెంలో చిల్లీ గిన్నె, దాని పక్కన తియ్యటి సినమన్ రోల్ పెట్టారు. కారంగా ఉన్న బీన్స్ కూరలో దాల్చిన చెక్క వేసిన తీపి రొట్టె ముంచుకు తినడం ఈ ప్రాంతం అలవాటు. స్కూళ్లలో కూడా అలాగే పెడతారని వడ్డించిన అమ్మాయి చెప్పింది. మొదటి ముద్దకు వింతగా ఉంది కానీ మూడో ముద్దకు నచ్చేసింది. తిన్నంతసేపూ నా మనసు మాత్రం మాగ్నెటో మీదే ఉంది. అది విప్పి బాగుచేయించాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది, వారాలు పడుతుంది. "బావా, ఎనిమిది ప్లగ్‌లూ కొత్తవి వేసేస్తే పోలా?" అన్నాడు మావాడు. ఒక్కోటి 40 డాలర్ల పైమాటే. డబ్బు సంగతి అలా ఉంచి, అన్నీ ఒకేసారి మార్చేస్తే అసలు ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు. ఆ టెన్షన్‌తో సరిగ్గా నిద్ర పట్టలేదు.

జూన్ 6, శుక్రవారం: బియాట్రిస్‌లోనే, సాయంత్రం దాకా

పొద్దున్న ఊరి పడమట ఉన్న హోమ్‌స్టెడ్ జాతీయ పార్కు చూద్దామని బయల్దేరి, దారి తప్పి కంకర రోడ్డెక్కాం. ఎదురొచ్చిన ప్రతి పికప్ ట్రక్కువాడూ స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు పైకెత్తి పలకరించాడు. రెండో ట్రక్కు వచ్చేసరికి మావాడూ వేలెత్తడం మొదలుపెట్టాడు. 1862 నాటి చట్టంతో సేద్యం చేసుకునేవాళ్లకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చారు. ఆ తొలి కమతాల్లో ఒకదాన్నే ఇలా పార్కుగా ఉంచారు. ఎత్తైన గడ్డి గాలికి ఊగుతుంటే చూసి వెనక్కి వచ్చాం. అప్పటికి మెకానిక్ హ్యాంగర్ తలుపు తెరిచి ఉంది.

ఆయనకు డెబ్బై ఏళ్లుంటాయి. మాట తక్కువ. నేను రాత్రంతా ఆలోచించినవన్నీ చెప్పాను. విన్నాడు. "మాగ్నెటో సంగతి తర్వాత. ముందు ఏ సిలిండర్ పనిచేయడం లేదో ఇంజన్‌నే అడుగుదాం" అన్నాడు.

తోకకు తాడు కట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, నన్ను లోపల కూర్చోమన్నాడు. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, ఎడమ మాగ్నెటో ఒక్కదాని మీదే ఒక నిమిషం నడిపించి ఆపేయమన్నాడు. ప్రొపెల్లర్ ఆగింది. స్విచ్ ఆఫ్ అని నేను గట్టిగా చెప్పి తాళం ఆయన చేతికిచ్చాకే ముందుకెళ్లాడు. మాగ్నెటోకి బ్యాటరీతో పనిలేదు, ఇంజన్ తిరిగితే చాలు నిప్పు పుడుతుంది. స్విచ్ ఆఫ్ చేయడమంటే ఆ కరెంటును ఒక సన్నటి తీగ గుండా ఇంజన్ ఒంటికి మళ్లించడమే. ఆ తీగ ఎక్కడైనా తెగితే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. అందుకే ఆగి ఉన్న ప్రొపెల్లర్‌ను కూడా ఆయన ఒక్కసారీ చేత్తో ముట్టలేదు.

ఇంజన్ మీది మూత, అంటే కౌలింగ్ ఎత్తి, ఒక ప్లాస్టిక్ సీసాతో నాలుగు సిలిండర్ల పొగగొట్టాల మీదా ఒక్కో నీటి చుక్క వేశాడు. మొదటిదాని మీద చుయ్‌మంది. రెండోదాని మీద చుయ్‌మంది. నాలుగోదాని మీదా అంతే. మూడోదాని మీద చుక్క అలాగే నిలబడి, మెల్లగా కిందికి జారింది. దోసె పెనం కాలిందో లేదో చూడటానికి అమ్మ నీళ్లు చిలకరించేది. అచ్చం అదే. రాత్రంతా నాకు నిద్ర లేకుండా చేసిన సమస్య నాలుగు నీటి చుక్కలతో ఒక్క సిలిండర్‌కు తగ్గిపోయింది.

మూడోది ఏదని నేను ఎడమ పక్కన వెతుకుతుంటే ఆయన నా భుజం పట్టి కుడి పక్కకు తిప్పాడు. కాంటినెంటల్ ఇంజన్లలో ఒకటో నంబరు కుడివైపు వెనక ఉంటుంది. మూడోది కుడివైపు ముందు. ఇంకో కంపెనీ లైకమింగ్ ఇంజన్లలో లెక్క ముందు నుంచి మొదలవుతుంది. రెండూ కలగలిపి గుర్తుపెట్టుకుంటే తప్పు సిలిండర్ విప్పుకుంటాం.

"విప్పు" అన్నాడు నన్ను. ప్లగ్‌లు తీసి శుభ్రం చేయడం, మార్చడం సొంతదారైన పైలట్ తానే చేసుకోవచ్చని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ. నిబంధనల్లో ఉంది. టైర్లు మార్చడం లాంటి పనులతో పాటు ఆ నిబంధనల్లోని పార్ట్ 43 చివరున్న జాబితాలో రాసుంది. మాగ్నెటో విప్పడం అలా కుదరదు, దానికి లైసెన్సున్న మెకానిక్ కావాలి. కింది ప్లగ్ విప్పి వెలుతురులో పెట్టి చూశాను. లోపల పింగాణీకి, ఎలక్ట్రోడ్‌కు మధ్య ఆవగింజంత బూడిదరంగు గుండు ఇరుక్కుని ఉంది. సూది మొనతో కదిపితే నా అరచేతిలో పడింది. సీసం.

అది ఎలా వచ్చిందో ఆయన ప్లగ్ తుడుస్తూ చెప్పాడు. ఈ ఇంజన్‌ను 73 ఆక్టేన్ పెట్రోలుకు తయారు చేశారు. ఇప్పుడు ఎక్కువ విమానాశ్రయాల్లో దొరికేది నీలంరంగు 100ఎల్ఎల్. పేరులో ‘సీసం తక్కువ’ అని ఉన్నా, పాత 80 ఆక్టేన్ విమాన పెట్రోలుతో పోలిస్తే ఇందులో సీసం నాలుగు రెట్ల దాకా ఉండొచ్చు. ఇంజన్ బాగా వేడెక్కి తిరిగితే ఆ సీసం పొగతో పాటు బయటికి పోతుంది. నెమ్మదిగా తిప్పుతూ ఉంటే కింది ప్లగ్‌ల్లో పేరుకుంటుంది. వారానికోసారి పావుగంట తిప్పి ఆపేసిన మంచితనమే ఇలా గుండై కూర్చుంది. "నేల మీద వెయ్యి చుట్లకు తగ్గనివ్వకు. ఆపే ముందు కాసేపు 1,800 మీద తిప్పి ఆపు" అన్నాడు.

మిగతా మూడు కింది ప్లగ్‌లు కూడా తీసి చూస్తే రెండింటిలో సీసం మొదలైంది. శుభ్రం చేస్తుండగా ఒకటి నా చేతి నుంచి జారి సిమెంటు నేల మీద పడింది. తీసి తుడవబోతే ఆయన చేయి చాపి తీసుకుని చెత్తడబ్బాలో వేశాడు. లోపలి పింగాణీకి కంటికి కనపడని పగులు వచ్చి ఉండొచ్చట. తన అరలోంచి కొత్తది ఇచ్చాడు. కొత్త రాగి వాషర్లు వేసి, టార్క్ రెంచ్‌తో బిగించాను. మళ్లీ రన్-అప్ చేస్తే ఎడమ మాగ్నెటో మీద 60 చుట్లు పడింది, ఇంజన్ నున్నగా తిరిగింది. మావాడు రెక్క కింద నిలబడి చప్పట్లు కొట్టాడు.

మూడు గంటల పనికి ప్లగ్‌తో కలిపి 105 డాలర్లు తీసుకున్నాడు. 120 ఇస్తే చిల్లర వెతికి మరీ ఇచ్చాడు. ఆ సీసపు గుండును ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి నా జేబులో పెట్టాడు. విమానానికి చేసిన పనులు రాసే లాగ్‌బుక్‌లో తేదీ, చేసిన పని, నా సంతకం, పైలట్ సర్టిఫికెట్ నంబరు రాసేదాకా పక్కనే నిలబడ్డాడు. మొదటి లాగ్‌బుక్‌లో మొదటి పేజీ 1946లో ఎవరో సిరా కలంతో రాసింది. ఇప్పుడు అదే వరసలో నా చేతిరాత చేరింది.

జూన్ 6, సాయంత్రం: బోమాంట్ మీదుగా ఎల్ డొరాడో, కాన్సాస్

అయిదు గంటలకు ఎగిరాం. నెబ్రాస్కా, కాన్సాస్ నేలంతా మైలుకో రోడ్డు చొప్పున గళ్లుగళ్లుగా గీసినట్టుంటుంది. దక్షిణం వైపు పోవాలంటే ఒక రోడ్డు పట్టుకుంటే చాలు. ఫ్లింట్ హిల్స్ మొదలయ్యాక ఆ గళ్లు మాయమై అంతా పచ్చటి గడ్డి గుట్టలే. రాతి నేల కావడం వల్ల నాగలి దిగలేదు, అందుకే పాత గడ్డి మైదానం ఇక్కడ మిగిలింది. సరిగ్గా అక్కడే మ్యాపు చూపే ట్యాబ్ ఎండకు వేడెక్కి ఆగిపోయింది. మావాడు కాగితం మ్యాపు విప్పితే అది నా మొహానికి అడ్డం పడింది. యురేకా ఊరిని చూసి అదే బోమాంట్ అనుకుని చుట్టూ తిరిగాం. "బావా, ఇంత పెద్ద ఊరు కాదు అది" అని వాడే తేల్చాడు. పది నిమిషాలు వృథా. దూరంగా బోమాంట్ దగ్గరి గాలిమరల వరస కనిపించాక దారి కుదిరింది.

బోమాంట్‌లో గడ్డి రన్‌వే మీద దిగి, ఊరి రోడ్డు మీదే విమానాన్ని నడిపించుకుంటూ పాత హోటల్ దాకా వెళ్లొచ్చు. కార్లు ఆగి దారిస్తాయి. రైలు ఇంజన్ల కోసం 1885లో కట్టిన చెక్క నీళ్ల ట్యాంకు ఇంకా నిలబడే ఉంది. దాన్ని చూద్దామని దిగిన నేను విమానం పొట్ట చూసి ఆగిపోయాను. ముక్కు దగ్గర నుంచి తోక దాకా నల్లటి నూనె చార.

గుండె ఝల్లుమంది కానీ, పొద్దున నేర్చుకున్నది అప్పుడే మర్చిపోకూడదనిపించింది. ముందు నూనె కొలిచే డిప్‌స్టిక్ చూశాను. నాలుగు క్వార్టులు (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) ఉంది. బియాట్రిస్‌లో నాలుగే ఉంటే నేనే అరక్వార్టు పోసి నిండా నింపాను. ఈ ఇంజన్ పట్టేది నాలుగున్నర. ఆ పోసిన అరక్వార్టే బయటికొచ్చింది. చార ఎక్కడ మొదలైందో కిందికి దూరి చూస్తే బ్రీదర్ గొట్టం మూతి దగ్గర. సిలిండర్లు పొడిగా ఉన్నాయి. ఇంజన్ ఊపిరి వదిలే గొట్టం అది. నిండుగా పోస్తే ఎక్కువైంది అందులోంచి కక్కేస్తుంది. కొత్తగా ఏమీ పోయకుండా పొట్ట మొత్తం గుడ్డతో తుడిచాం. రోడ్డు పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. ఒక రైతు ట్రక్కు ఆపి అంతా బాగేనా అని అడిగాడు. కాస్త పులిహోర పెడితే వేరుశనగపప్పులు మెచ్చుకుని వెళ్లాడు.

పావుగంటలో ఎల్ డొరాడోలో దిగి, పొట్ట కింద చేయి పెట్టి చూస్తే పొడిగానే ఉంది. దిగేటప్పుడు మాత్రం తోక చక్రం అటూ ఇటూ కొట్టుకుని విమానమంతా దడదడలాడింది. పక్క నుంచి చూస్తే చక్రాన్ని మోసే స్ప్రింగ్ రేకులు సాగి చదునైనట్టున్నాయి. అలా చదునైతే చక్రం తిరిగే ఇరుసు వాలు మారిపోయి ఇలా కొట్టుకుంటుంది. టైరులో గాలి చూశాను, బోల్టులు చూశాను, వదులేమీ లేదు. ఇంటికెళ్లాక చూద్దామని రాసుకున్నాను. పెట్రోలు గాలన్ 5 డాలర్ల 40 సెంట్లు. ఇక్కడా ఊరి పేరు నేను తప్పే పలికాను, వీళ్లు ‘ఎల్ డొరేడో’ అంటారు.

జూన్ 7, శనివారం: పోంకా సిటీ, ఓక్లహోమా

తెల్లవారుతూనే బయల్దేరాం. కుడివైపు మంచు పొరలో విచిట కనిపించింది. డెబ్బై తొమ్మిదేళ్ల కిందట ఇది పుట్టిన ఊరు. పుట్టింటి మీదుగా పోతూ ఆగకుండా పోతున్నందుకు నాకే ఏదోలా అనిపించింది.

పోంకా సిటీలో ప్రతి నెలా మొదటి శనివారం విమానాశ్రయంలో అల్పాహారం పెడతారు. చుట్టుపక్కల నుంచి జనం విమానాలేసుకుని వస్తారు. దిగేటప్పుడు రేడియోలో ఎవరేమంటున్నారో సరిగ్గా వినపడలేదు. చెవిలో ఒకటే చిటపట, ఇంజన్ వేగం పెంచితే చిటపటా పెరిగింది. అన్ని విమానాలు ఒకేసారి దిగే చోట అది చాలా ఇబ్బంది. పైగా మేము చేరాల్సిన టెక్సస్‌లోని డెంటన్‌లో కంట్రోల్ టవర్ ఉంది, రేడియో లేకుండా కుదరదు.

పాన్‌కేకులు, గుడ్లు పెట్టించుకుని బల్ల దగ్గర కూర్చుంటే, ఎదురుగా తెల్లజుట్టు ఆవిడ మా విమానం గురించి అడిగింది. ఆవిడదీ 140యే. రేడియో కొత్తది కొనాలేమో అన్నాను. ఆవిడ ఫోర్కు కింద పెట్టి అడిగింది, "నిన్న దేని మీద చెయ్యి పడింది?"

ప్లగ్‌ల మీద.

తినడం అయ్యాక ఇద్దరం వెళ్లి ఇంజన్ స్టార్ట్ చేశాం. కుడి మాగ్నెటో మీద చిటపట లేదు. ఎడమకు తిప్పగానే వచ్చింది. ఆపి కౌలింగ్ ఎత్తితే, మూడో సిలిండర్ కింది ప్లగ్‌కు తీగను పట్టి ఉంచే నట్ వేళ్లతోనే తిరిగింది. ప్లగ్‌ను రెంచ్‌తో బిగించి, ఈ నట్‌ను చేత్తో తిప్పి వదిలేశానన్నమాట. ప్లగ్ తీగ మీద అల్లిన లోహపు తొడుగు ఆ నట్ ద్వారానే ఇంజన్‌కు ఆనుతుంది. అది వదులైతే నిప్పురవ్వల రొద రేడియోలోకి దూరుతుంది. ఆవిడ రెండు రెంచ్‌లు తెచ్చింది, ఒకదానితో ప్లగ్ తిరగకుండా పట్టుకుని రెండోదానితో నట్ బిగించాం. మిగతా ఏడూ ఒక్కొక్కటే చూశాం. చిటపట పోయింది. కొత్త సమస్య వస్తే మొదట నిన్న చెయ్యి పెట్టిన చోటే చూడాలన్న ఆ ఒక్క ప్రశ్న నాకు ఈ ప్రయాణంలో దొరికిన అన్నిటికన్నా విలువైనది.

మధ్యాహ్నానికి దక్షిణాన మబ్బులు పెద్దవై ఉరుములు మొదలయ్యాయి. ఆ రోజు అక్కడే ఆగిపోయాం.

జూన్ 8, ఆదివారం: పాల్స్ వ్యాలీ, ఆపై డెంటన్

పాల్స్ వ్యాలీలో పెట్రోలుకు ఆగి, మళ్లీ రన్‌వే వైపు పోతుంటే బ్యాటరీ ఛార్జ్ అవుతోందో లేదో చూపే అమ్మీటర్ ముల్లు సున్నాకు ఎడమకు పడింది. జనరేటర్ పోయిందని మావాడు కంగారుపడ్డాడు. ఇంజన్ వేగం కాస్త పెంచాను, ముల్లు కుడికొచ్చింది. తగ్గించాను, ఎడమకు పోయింది. పాత జనరేటర్లు నెమ్మదిగా తిరిగేటప్పుడు ఛార్జ్ చేయవు, ఇప్పటి కార్లలో ఆల్టర్నేటర్ లాగా కాదు. అది లోపం కాదు, దాని పద్ధతే అంత. లైట్లు ఆపేసి ఎగిరిపోయాం.

ఆర్బకిల్ కొండల మీద గాలి కాసేపు ఎత్తి కుదిపింది. ఎర్రటి రెడ్ రివర్ దాటి టెక్సస్‌లోకి వచ్చి, డెంటన్ టవర్‌తో మాట్లాడితే ఒక్కొక్క మాటా స్పష్టంగా వినిపించింది. పన్నెండు లోపే దిగాం. మొత్తం ఆరు గంటల ప్రయాణానికి పెట్రోలు 170 డాలర్ల దాకా అయింది. తోక చక్రం మళ్లీ దడదడలాడింది, ఎల్ డొరాడోలో కన్నా ఎక్కువగా.

మా దగ్గరి మెకానిక్ వచ్చి, కొలిచి, స్ప్రింగ్ సాగిందనే చెప్పాడు. కొత్త స్ప్రింగ్ వచ్చి హ్యాంగర్ మూల పెట్టెలో ఉంది. తోకను స్టాండు మీదికెత్తి ఉంచాం. ఆయనకు తీరిక దొరికేది గురువారం. ఆ పూట నేనూ సెలవు పెట్టాను, స్ప్రింగ్ ఆయన మారుస్తుంటే దగ్గరుండి చూడాలి.